వెలుగులో అనుస్వరాలు



ఈ వేళకి మీలో చాలామంది వంట ముగించుకుని, పిల్లల్నీ వారినీ పంపించేసి, కాస్త నడుం వాల్చుదామా అని చూస్తూ వుంటారు. వాల్చండి, ఫరవాలేదు. లేదా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినండి. నేనివాళ చెప్పబోయేది కొంచెం పెద్ద విషయంలాగే వుంటుంది గానీ, మొదలుపెట్టడం మాత్రం మా ఇంట్లోంచే మొదలుపెడతాను.

రెండేళ్ళ కిందట మా అత్తగారి కంటికి లేసర్ వైద్యం చేయించాం. ఆవిడకి ఇరవై ఏళ్ళుగా చక్కెర వ్యాధి. కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలు చెడిపోయాయనీ, వూరుకుంటే చూపు పోతుందనీ, లేసర్ వెలుగుతో అక్కడక్కడ చిన్న చిన్న చురకలు పెట్టాలనీ డాక్టరుగారు చెప్పారు. వారం రోజులు ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. తీరా చేస్తే అరగంట పని. ఆవిడ బయటికి వచ్చి, కన్ను నులుముకోబోయి, నేను చెయ్యి పట్టుకుంటే ఆగి, మొదట అన్న మాట ఇది: "అమ్మాయీ, లేసర్ అంటే ఎర్రగా వుంటుందన్నావు. అంతా ఆకుపచ్చ మెరుపులే గదే!"

ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కదా, నోరు వూరుకోలేదు. "అత్తయ్యా, అది ఆకుపచ్చగా పుట్టిన వెలుగు కాదు. కంటికి కనపడని వెలుగుగా పుట్టి, ఒక స్ఫటికంలో దూరి, బయటికి వచ్చేటప్పటికి ఆకుపచ్చ అయింది" అన్నాను.

"రంగు గాజు అడ్డం పెట్టారా?"

"లేదండీ. మీ తంబూరాలో మంద్రం తీగ మీటితే గాంధారం వినిపిస్తుంది చూడండి, అలాగ."

ఆవిడ చప్పున ఇటు తిరిగారు. మా అత్తగారు పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకున్నారు. కచేరీలు చెయ్యడం ఆ రోజుల్లో ఇంట్లో ఒప్పుకోలేదు గానీ, ఇప్పటికీ సాయంత్రం తంబూరా శ్రుతి చేసుకోకుండా వుండరు. ఆ రోజు ఆటోలో మొదలైన మా మాటలు నెలల తరబడి నడిచాయి. అవే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

తంబూరాకి నాలుగు తీగలు. చివరిది మంద్ర షడ్జం. దాన్ని సరిగా శ్రుతి చేసి మీటితే, ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అదే పలుకుతుంది. స్వయంభూ స్వరం అంటారు పెద్దలు. ఇందులో మాయ లేదు. తీగ మొత్తంగా వూగుతుంది. అదే సమయంలో రెండు సగాలుగానూ, మూడు భాగాలుగానూ, నాలుగు, ఐదు భాగాలుగానూ కూడా వూగుతుంది. రెండు రెట్ల వేగంతో వూగేది పై షడ్జం. మూడు రెట్లది పంచమం. ఐదు రెట్లది గాంధారం. వీటినే అనుస్వరాలు అంటారు. అయితే తీగని వూరికే బిగిస్తే ఇవి ఇంత నిండుగా వినపడవు. గుర్రం మీద, తీగ కింద, చిన్న నూలుదారం ముక్క దూర్చి వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. ఒకచోట తంబూరా ఒక్కసారిగా జుమ్మంటుంది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్‌గారు ఈ వీణ, తంబూరాల గుర్రాన్ని గురించి 1921లో ప్రత్యేకంగా వ్యాసమే రాశారు. వెలుగు మీద చేసిన పనికి నోబెల్ వచ్చింది ఆ తరవాత, 1930లో.

వెలుగు కూడా అలలే. సంగీతంలో స్వరం ఎలాంటిదో వెలుగులో రంగు అలాంటిది. ఎరుపు మంద్రం, వూదా తారం. ఎరుపుకన్నా కింద వున్నది పరారుణం. ఇస్త్రీపెట్టె దగ్గర చెయ్యి పెడితే తగిలే సెగ అదే. వూదాకి పైన అతినీలలోహితం, ఇంకా చాలా పైకి పోతే ఆస్పత్రిలో ఎముకల ఫోటో తీసే ఎక్స్ కిరణాలు. మరి ఒక రంగు వెలుగులోంచి దాని అనుస్వరాలు ఎందుకు పుట్టవు? ఎర్ర గాజులోంచి వచ్చిన దీపం వెలుగు ఎంత దూరం పోయినా ఎరుపేగా!

రేడియోనే చూడండి. మామూలుగా పెడితే పాట పాటలాగే వస్తుంది. చెవులు చిల్లులు పడేట్టు పెంచారనుకోండి, స్పీకరులో వుండే అట్ట ఆ వూపు తట్టుకోలేక బరబరమంటుంది. ఆ బరబరలో పాడినావిడ పాడని స్వరాలు వుంటాయి. అట్ట సొంతంగా కలిపిన అనుస్వరాలన్నమాట. పదార్థంలో వుండే ఎలక్ట్రాన్లూ అంతే. వెలుగు వాటిని మెల్లగా వూపితే వూపినట్టే వూగి, అదే రంగు తిరిగి ఇస్తాయి. విపరీతంగా వూపితే కొత్త రంగులు కలుపుతాయి. దీపాలకీ సూర్యుడి ఎండకీ అంత బలం లేదు. అలా వూపగల వెలుగు 1960లో లేసర్ వచ్చేదాకా మనిషి చేతిలో లేదు.

మరుసటి ఏడే, 1961లో, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ అనే ఆయనా, సహచరులూ కెంపు లేసర్ ఎర్రకాంతిని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపించారు. ఆ ఎరుపు అల పొడుగు 694 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. అవతల పెట్టిన ఫోటో పలక మీద, సరిగ్గా అందులో సగం, 347 దగ్గర చిన్న చుక్క పడింది. అల పొడుగు సగమైందంటే వూపు రెట్టింపు అయినట్టు. వెలుగుకి రెండో అనుస్వరం! ఆ చుక్క ఎంత సన్నదంటే, వ్యాసం అచ్చువేసేచోట దాన్ని ఫోటో మీద పడ్డ మరక అనుకుని చెరిపేశారు. ఆ పత్రిక పాత సంచికలో బాణంగుర్తు ఇవాళ్టికీ ఖాళీ చోటునే చూపిస్తూ వుంటుంది. చిన్నప్పుడు నేను మా అమ్మ పేరు చెక్కిన చెంబుని మసి అనుకుని ఇసుక పెట్టి తోమేశాను. అంత శ్రద్ధగా చేసిన పని అది.

రెండు వెలుగు కణాలు కలిసి ఒక పని చెయ్యగలవని అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే లెక్కకట్టి చూపించినావిడ ఒకావిడ వున్నారు. మరియా గెప్పర్ట్ మేయర్. జర్మనీలో గెటింగెన్‌లో 1930లో రాసిన పరిశోధన వ్యాసంలో ఆవిడ, ఒక పరమాణువు ఒకేసారి రెండు వెలుగు కణాల్ని మింగగలదని రాశారు. పరీక్షించి చూడ్డానికి తగిన వెలుగు అప్పటికి లేదు. 1961లో లేసర్ పెట్టి చూస్తే నిజమని తేలింది. ఈలోగా ఆవిడ పెళ్ళయి భర్తతో అమెరికా వెళ్ళారు. భర్త ఆచార్యుడు. ఆవిడకి మాత్రం ఏళ్ళ తరబడి జీతం లేని పని. పూర్తి జీతంతో ఆచార్య పదవి దొరికేటప్పటికి యాభై దాటాయి. 1963లో, పరమాణు కేంద్రకం మీద చేసిన మరో పనికి, నోబెల్ వచ్చింది. ఆ వూరి పత్రిక ఏమని శీర్షిక పెట్టిందో తెలుసా? శాన్ డియేగో తల్లికి నోబెల్ బహుమతి అని! అందులో తప్పేముందండీ అంటారేమో. తప్పు లేదు. మగవాళ్ళకి వచ్చినప్పుడు ఫలానా వూరి తండ్రికి అని వెయ్యరు, అంతే.

మళ్ళీ మా అత్తగారి కంటి దగ్గరికి వద్దాం. కంటి వైద్యంలో వాడే ఆకుపచ్చ లేసర్లు చాలావాటిలో మొదట పుట్టేది 1064 నానోమీటర్ల పరారుణం. స్ఫటికం దాన్ని 532 చేస్తుంది. అదే ఆకుపచ్చ. ఇదే ఏర్పాటు, చాలా నాసిగా, బజారులో పిల్లలకి అమ్మే ఆకుపచ్చ లేసర్ టార్చీలు చాలావాటిలో కూడా వుంటుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఈనెలు తియ్యడం ఆపి వినండి. స్ఫటికం లోపలికి వెళ్ళిన పరారుణమంతా ఆకుపచ్చగా మారదు. మారకుండా మిగిలినదాన్ని ఆపడానికి ఒక వడపోత గాజు పెట్టాలి. చవకరకంలో అది పెట్టరు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థలో పరిశోధకులు అలాంటి టార్చి ఒకటి పరీక్షిస్తే, ఆకుపచ్చ వెలుగుకన్నా కనపడని పరారుణమే ఎక్కువగా వెలువడుతోందని తేలింది. ఆకుపచ్చ కంట్లో పడితే కనీసం రెప్ప టక్కున మూసుకుంటుంది. పరారుణం పడితే రెప్పకి తెలియదు. కాలేది మాత్రం అదే పొర, మా అత్తగారికి డాక్టరుగారు కొలిచి కొలిచి చురకలు పెట్టిన పొర. పిల్లవాడు ఎంత ఏడ్చినా సరే, అది కొనకండి.

సరే, రెండో అనుస్వరం వచ్చింది. పదోది, ముప్ఫయ్యోది? పైకి పోయినకొద్దీ ఒకదానికన్నా ఒకటి బాగా సన్నబడి, చివరికి ఏమీ మిగలదనే శాస్త్రజ్ఞులు అనుకున్నారు. 1987లో పారిస్ దగ్గర సాక్లే పరిశోధనశాలలో ఆన్ లుయిలియే అనే ఆవిడా, ఆవిడతో పనిచేసేవారూ ఆర్గాన్ లాంటి వాయువులోకి బలమైన పరారుణ లేసర్ మెరుపుల్ని పంపించి చూశారు. మొదటి కొన్ని అనుస్వరాలు అనుకున్నట్టే చకచకా సన్నబడ్డాయి. ఆ తరవాత సన్నబడడం ఆగిపోయింది! మెట్లు దిగి దిగి మైదానంలోకి వచ్చినట్టు, వరసగా చాలా అనుస్వరాలు ఇంచుమించు ఒకే బలంతో వచ్చాయి. ఆర్గాన్‌లో 33వ అనుస్వరం దాకా కనిపించింది. 1064 నానోమీటర్ల వెలుగు లోపలికి పోయి 32 నానోమీటర్ల వెలుగు బయటికి వచ్చింది. వాయువుల్లో బేసి సంఖ్యలే వస్తాయిలెండి, సరి సంఖ్యలు వాటిలో అవే కొట్టుకుపోతాయి.

"ముప్ఫై మూడో అనుస్వరమా! మా గురువుగారి చెవికి కూడా అందదు" అన్నారు మా అత్తగారు.

ఆ పనికీ, ఆ తరవాత పనికీ కలిపి 2023లో ఆన్ లుయిలియేకి, మరి ఇద్దరితో పాటు, నోబెల్ వచ్చింది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఐదో మహిళ. స్వీడనులో లుండ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూండగా ఫోను వచ్చింది. విరామంలో కబురు విని, మళ్ళీ తరగతికి వెళ్ళి పాఠం పూర్తి చేశారు. చివరి అరగంట చెప్పడం కొంచెం కష్టమైందని తరవాత చెప్పారు. పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి, ఆ అరగంట ఎలా వుండి వుంటుందో నేను వూహించుకోగలను.

ఆ మైదానం ఎందుకు వచ్చిందో 1993లో కెనడాకి చెందిన పాల్ కోర్కం ఒక తేలిక బొమ్మతో వివరించారు. ఆయన బొమ్మని నేను మన ఇళ్ళలోకి తెచ్చి చెబుతాను. పరమాణువు ఒక ఇల్లు అనుకోండి. ఎలక్ట్రాన్ ఆ ఇంటి పిల్ల. లేసర్ వెలుగు అల బలంగా వచ్చి పిల్లని గడప దాటించి లాక్కుపోతుంది. దూరంగా తరుముతుంది. కానీ అల కదా, కాసేపటికి దాని దిశ మారుతుంది. మారగానే ఆ వూపే పిల్లని మళ్ళీ ఇంటివైపు తోస్తుంది. పిల్ల పరుగున వచ్చి పుట్టింటి గడపకి తగులుతుంది. దారిలో సంపాదించుకున్న శక్తినంతా ఆ క్షణాన వెలుగుగా అక్కడ విడిచేస్తుంది. అదే పై అనుస్వరాల వెలుగు. అందరు పిల్లలూ తిరిగి రారు. చాలామంది దారి తప్పిపోతారు. వచ్చిన కొద్దిమందే ఆ వెలుగు తెస్తారు.

ఆ మెరుపులు ఎంత చిన్నవంటే వాటిని అట్టోసెకన్లలో కొలవాలి. ఒక్క సెకనులో వుండే అట్టోసెకన్ల సంఖ్య, విశ్వం పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా గడిచిన సెకన్ల సంఖ్యకన్నా ఎక్కువ. పరమాణువులో ఎలక్ట్రాన్ కదలిక చూడాలంటే అంత చిన్న మెరుపు కావాలి. ఫ్యాను రెక్కలు తిరుగుతూంటే ఫోటో తీసినట్టే. మెరుపు పెద్దదైతే అంతా అలుక్కుపోతుంది.

ఇక్కడ మా అత్తగారు ఒక ప్రశ్న వేశారు. నా తరగతుల్లో పిల్లలూ అదే అడిగేవారు. "పై స్వరం కావాలంటే ముందే పైనున్న వెలుగుతో మొదలుపెట్టవచ్చుగా? ఆ సెగ వెలుగుతో ఎందుకు మొదలుపెట్టడం?"

నేనివాళ చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. పిల్ల ఎంత శక్తి తెస్తుందన్నది, అల దిశ మారేలోగా ఎంతసేపు పరుగెత్తిందన్నదాని మీద ఆధారపడుతుంది. వూదా వెలుగు చకచకా దిశ మార్చుకుంటుంది. పిల్ల నాలుగడుగులు వేసేలోగా వెనక్కి పిలుపు. పరారుణం నిదానస్తురాలు. చాలాసేపు ఒకే వైపు తోస్తుంది. పిల్ల చాలా దూరం పోయి, చాలా వేగం పుంజుకుని వస్తుంది. అదే బలంతో తోస్తే, అల పొడుగు రెండింతలైనప్పుడు తెచ్చే శక్తి నాలుగింతలు. ఐదింతలైతే ఇరవై ఐదింతలు. మంద్రం ఎంత కిందికి పోతే తారం అంత పైకి పోతుందన్నమాట.

దీన్ని చేసి చూపించినవాళ్ళలో మరో మహిళ వున్నారు. ఐర్లండులో పుట్టి అమెరికాలో కొలరాడోలో స్థిరపడ్డ మార్గరెట్ మర్నేన్. భర్త హెన్రీ కాప్టెయిన్, ఆవిడా కలిసే పనిచేస్తారు. వీళ్ళూ, ఆస్ట్రియాలో వియన్నా వాళ్ళూ కలిసి 2012లో 3.9 మైక్రాన్ల పరారుణాన్ని, అంటే ఎరుపుకన్నా ఐదారింతలు పొడుగైన అలని, బాగా ఒత్తిడి పెట్టిన హీలియం వాయువులోకి పంపించారు. అయిదువేలకి పైబడిన అనుస్వరాలు వచ్చాయి. బయటికి వచ్చిన వెలుగు ఒక నానోమీటరుకన్నా పొట్టిది. ఎక్స్ కిరణమే! ఇలాంటి మెత్తని ఎక్స్ కిరణాల్లో సుమారు 2.3 నుంచి 4.4 నానోమీటర్ల మధ్య వుండేవాటికి ఒక మంచి గుణం వుంది. నీళ్ళు వాటికి అద్దంలా దారి ఇస్తాయి. శరీరంలో వుండే కర్బనం మాత్రం అడ్డుకుంటుంది. అందుకే ఆ మేరని నీటి కిటికీ అంటారు. నీళ్ళలో తేలే జీవకణాన్ని ఎండబెట్టి రంగులు వెయ్యకుండా చూడ్డానికి పనికివచ్చే కిటికీ.

అయితే దీనికి ఖరీదు వుంది. పిల్ల ఎంత దూరం పోతే తిరిగి సరిగ్గా గడపకి చేరడం అంత అరుదు. అల పొడుగు ఐదింతలైతే పంట వేలవ వంతుకి పడిపోతుంది. అంత నష్టం పూడాలంటే మెరుపులు సెకనుకి లక్షల్లో, కోట్లలో రావాలి. బలంగా వుండాలి, అలా పొడుగ్గా వుండాలి, అన్ని సార్లూ రావాలి. ఇన్ని గుణాలూ ఒక్క లేసర్‌లో కుదరడం, వరుడి జాతకంలో అన్నీ కుదిరినట్టే.

ఇక్కడ వస్తుంది మన కథలోకి స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేసర్.

మామూలు లేసర్ వీణలాంటిది. మెట్లు ముందే మైనంతో బిగించి వున్నాయి. కెంపుకి కెంపు రంగే, ఇంకో వాయువుకి దాని రంగే. కారణం, అందులో ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో కట్టుబడి వుంటాయి. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేసర్ గోటువాద్యం. మెట్లు లేవు. ఎక్కడ కావాలంటే అక్కడ పలికించుకోవచ్చు. అందులో ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకీ చెందవు. ఒక పెద్ద యంత్రం వాటిని ఇంచుమించు వెలుగంత వేగానికి తరిమి, అయస్కాంతాల మధ్యకి వదులుతుంది. ఆ అయస్కాంతాల్లో ఒకటి ఉత్తరం, పక్కది దక్షిణం, మళ్ళీ ఉత్తరం, ఇలా వరసగా పేర్చి వుంటాయి. ఎలక్ట్రాన్లు పాము మెలికలుగా పోతాయి. మెలిక తిరిగినప్పుడల్లా వెలుగు విడుస్తాయి.

ఇందులో చిత్రం ఏమిటంటే, మెలిక సెంటీమీటర్లలో వుంటుంది, వెలుగు అల అందులో వేలవంతు, పదివేలవంతు వుంటుంది. ఎదురుగా వచ్చే రైలు కూత మీకు సన్నగా, పైస్థాయిలో వినపడదూ? ఎలక్ట్రాన్ కూడా తను విడిచిన వెలుగు వెనకాలే దాదాపు అంతే వేగంతో పరుగెత్తుతుంది. అలలు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుపోతాయి. ఎలక్ట్రాన్ వేగం కొంచెం మార్చినా, అయస్కాంతాల బలం మార్చినా, రంగు మారుతుంది.

ఇంతటితో లేసర్ కాలేదు. ఎలక్ట్రాన్లు దేనికదే తోచినట్టు మెలికలు తిరిగితే జాతరలో జనంలా వుంటుంది. పుట్టిన వెలుగుని రెండు అద్దాల మధ్య అటూ ఇటూ నడిపిస్తారు. తిరిగి వచ్చిన వెలుగు కొత్త ఎలక్ట్రాన్ల గుంపుని కలుసుకుని, కొన్నిటిని తొందరపెట్టి, కొన్నిటిని నిదానపరిచి, ఒక అల పొడుగు దూరంలో వరసలుగా నిలబెడుతుంది. అప్పుడు కోలాటమే! కర్రలన్నీ ఒక్కసారే తగులుతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ మేడీ 1971లో ఈ ఆలోచన ప్రకటించారు. 1977లో ఆయన బృందం దాన్ని వెలిగించింది. వాళ్ళ యంత్రంలో అయస్కాంత మెలిక 3.2 సెంటీమీటర్లు. వచ్చిన వెలుగు 3.4 మైక్రాన్లు. అంటే మొట్టమొదటి స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేసరే పరారుణ లేసర్.

తరవాత నెదర్లాండ్స్‌లో, ఫ్రాన్సులో, జర్మనీలో, జపానులో ఇలాంటివి వచ్చాయి. మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో 2016లో పరారుణ స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేసర్ మొదటిసారి వెలిగింది. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర వున్నది సెకనుకి కోటీ ముప్ఫై లక్షల మెరుపులు ఇస్తుంది. మనకి కావలసినవి ఇవే కదా!

అయినా ఒక చిక్కుంది. మెరుపు పొడుగ్గా వుంటే, దాని ముందుభాగమే వాయువులో పిల్లలందరినీ ఇళ్ళలోంచి లాగేస్తుంది. బలమైన నడిమిభాగం వచ్చేసరికి ఇళ్ళు ఖాళీ. కాబట్టి మెరుపులో అలలు కొద్దిగానే వుండాలి. ఈ రకం లేసర్లలో అది తేలిక కాదు. మామూలుగా ఇవి ఎలక్ట్రాన్ల శక్తిలో ఏ ఒక శాతమో వెలుగుగా మారుస్తాయి. అద్దాల మధ్య దూరం సరిగ్గా కుదిర్చి, మెరుపు ముందు అంచు ఎప్పటికప్పుడు తాజా ఎలక్ట్రాన్లని తినేట్టు చేస్తే, మెరుపు పొట్టిదీ, బలమైనదీ అవుతుంది. 2020లో జపానులో క్యోటో విశ్వవిద్యాలయంలో 11 మైక్రాన్ల దగ్గర తొమ్మిది శాతానికి పైగా రాబట్టారు.

జపానుకే చెందిన రియోయిచి హజిమా, రియోజి నగాయ్ అనే శాస్త్రజ్ఞులు 2017లో ఇంకో అడుగు ప్రతిపాదించారు. మెరుపులో నాలుగే అలలు వుంటే, అల శిఖరం సరిగ్గా మెరుపు నడుమ పడిందా, కాస్త పక్కకి పడిందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. దాన్నిబట్టి పిల్ల ఎప్పుడు గడప దాటేదీ, ఎంత శక్తితో తిరిగి వచ్చేదీ మారిపోతుంది. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేసర్‌లో వెలుగు రణగొణలోంచి పుడుతుంది కాబట్టి, శిఖరం ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. బయటినుంచి మరో చిన్న లేసర్ మెరుపుని, శిఖరం కుదురుగా వున్నదాన్ని, అద్దాల మధ్యకి పంపిస్తూ వుంటే, పెద్ద మెరుపు పుట్టేటప్పుడే దాన్ని చూసి తన శిఖరాన్ని అక్కడే నిలుపుకుంటుందని వాళ్ళు లెక్కకట్టారు. అలాంటి మెరుపుల్ని వాయువులోకి వదిలితే సెకనుకి కోటిసార్లు అట్టోసెకను ఎక్స్ కిరణాలు రాబట్టవచ్చునని వాళ్ళ ఆలోచన.

ఇది చెబుతూండగా నేనే కాస్త తడబడ్డాను. శిఖరం అన్న మాట ఎలా చెప్పాలో తోచలేదు. కాగితం మీద అలలు గీసి, మళ్ళీ చెరిపి, మళ్ళీ గీశాను. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీతల్ని దగ్గరగా చూశారు. చూపు ఇప్పుడు నిలకడగా వుంది, దేవుడి దయవల్ల, ఆర్నెల్లకోసారి చూపిస్తున్నాం.

"అయితే వెలుగు పుట్టేచోటే, వెంట్రుకవాసి అటో ఇటో సర్దడం అంటావు."

"అంతేనండి."

లేచి వెళ్ళి మూలనున్న తంబూరా గుడ్డ విప్పి తెచ్చుకున్నారు. మంద్రం తీగ కింద దారాన్ని గోటితో జరుపుతూ, మీటుతూ, చెవి దగ్గరగా పెట్టుకుని, "ఇక్కడ కాదు... ఇక్కడా కాదు..." అంటూ, ఒకచోట ఆగి నన్ను చెయ్యి వూపి పిలిచారు. గాంధారం వినిపిస్తోంది.